ఏడేళ్ల పెద్దమనిషి

రెండో తరగతిలో నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టారు. అల్లరి చేసినందుకు కాదు, పొడుగున్నందుకు. అంతకుముందు నా వెనక కూర్చున్నవాళ్లకు బోర్డు కనిపించడం లేదని టీచరుకు రోజూ ఫిర్యాదులు వెళ్లేవి. కాలనీలో ఆడవాళ్లు మా అమ్మను దారిలో ఆపి, "ఏం పెడుతున్నవ్ పిల్లకు, గింత పొడుగైంది?" అని అడిగేవాళ్లు. అమ్మ మొదట్లో మురిసిపోయి రాగి జావ అని చెప్పేది. కొన్నాళ్లకు ఆ జవాబు చెప్పడం మానేసింది.

మాది పోచంపల్లి పక్క ఊరి మగ్గాల కుటుంబం. నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పెట్టుకున్నాడు. షాపంటే పెద్దదేం కాదు. ఇద్దరు ఆడవాళ్లు లోపల చీరలు చూస్తుంటే మూడో మనిషి బయట నిలబడాల్సిందే. అమ్మ చైతన్యపురిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. మన్సూరాబాద్ వైపు ఒక కాలనీలో, ఇంటి ఓనర్లు పైన, మేము కింద, కిరాయికి ఉండేవాళ్లం. ఇంటిని నడిపేది మాత్రం నాన్న వాళ్లమ్మ, మా నానమ్మ. ఆమె మాట మీద మా ఇంట్లో అప్పీలు లేదు.

అమ్మ లెక్కల మనిషి కాబట్టి రాగి జావ మీద తొందరగానే అనుమానం వచ్చింది. నా గౌన్లు నెల తిరక్కుండానే పొట్టివవుతున్నాయి. నుదుటి మీద మొటిమలు వచ్చాయి. బడి నుంచి వచ్చేసరికి నా దగ్గర పెద్దవాళ్ల చెమట వాసన. నానమ్మ వీటన్నిటికీ ఒకటే మాట చెప్పేది, "మా వంశమే పొడుగు" అని. మా నానమ్మ ఐదడుగులు కూడా ఉండదు. అమ్మ ఆ మాట వినేసి, ఒక శనివారం నన్ను మలక్‌పేట దగ్గర ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ పిల్లల హార్మోన్ల డాక్టరమ్మ ఉందని బడిలో ఎవరో చెప్పారట.

ఆ డాక్టరమ్మది ఆంధ్ర వైపు. నా ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "పిల్లకు ఏడేళ్లండి, ఎముకలకు పదకొండు" అంది. తర్వాత తలకు స్కాన్ తీయించింది. ఆ రోజు జరిగిన మాటలన్నీ నాకు అమ్మ తర్వాత చెప్పినవే. నాకు గుర్తున్నది ఒక్కటే, గది మూలనున్న ప్లాస్టిక్ ఏనుగు మీద ఎక్కబోతే అది నా బరువుకు పక్కకు ఒరిగిపోయింది. నేను పిల్లలు ఎక్కే ఏనుగు మీద పట్టనని అప్పుడే తెలిసింది.

"మెదడు అడుగున బాదంపప్పంత చోటుంటుందమ్మా" అని మొదలుపెట్టిందట డాక్టరమ్మ. "అక్కణ్ణుంచి ఒక హార్మోను బయల్దేరుతుంది. గంటకో గంటన్నరకో ఒకసారి, కొద్దికొద్దిగా. కిందనే ఉన్న ఒక గ్రంథిని తడుతుంది. ఆ గ్రంథి అండాశయాలకు కబురు పెడుతుంది. అలా పిల్ల పెద్దదవుతుంది. పుట్టిన కొత్తలో కొన్ని నెలలు ఇది మేలుకుని, తర్వాత ఏళ్లపాటు నిద్రపోతుంది. మీ అమ్మాయికి ముందే లేచేసింది."

"ఎందుకు లేచింది మేడమ్?"

"చాలామంది ఆడపిల్లల్లో కారణం దొరకదండి. స్కాన్‌లో గడ్డలేం లేవు, అది మన అదృష్టం."

"అట్లనే వదిలేస్తే?"

"ఇప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగు. కానీ ఎముకలు ముందే మూసుకుపోతాయి. ఎదుగుదల ఆగిపోయి, చివరికి అందరికన్నా పొట్టిగా మిగిలిపోతుంది. నెలసరి కూడా త్వరలోనే వచ్చేస్తుంది. ఏడేళ్ల పిల్ల అదంతా ఎలా మోస్తుంది చెప్పండి?"

వైద్యం ఏమిటంటే నెలకో ఇంజక్షన్. అందులో ఉండేది ఆ హార్మోనుకు నకలే, కాకపోతే అసలుకన్నా గట్టిది, నెలంతా ఒంట్లో నిలిచి ఉండేది. అమ్మ అక్కడ ఆగిపోయింది. ఎక్కువైందన్న దాన్ని మళ్లీ పోస్తారా అని అడిగింది. లెక్కల టీచరు అడగాల్సిన ప్రశ్నే.

"మీ తలుపు ఎవరో అప్పుడప్పుడూ తడితే లేచి తీస్తారు కదా" అంది డాక్టరమ్మ. "రోజంతా ఆపకుండా బాదుతుంటే? చెవులు మూసుకుని కూర్చుంటారు. ఆ గ్రంథీ అంతే. కాకపోతే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. చెవులు మూసుకునే ముందు ఒక్కసారి తలుపు తీస్తుంది. మొదటి ఇంజక్షన్ తర్వాత రెండు వారాలకు కొంచెం రక్తం కనిపించొచ్చు. కంగారు పడకండి, అది ఆగిపోతుంది. కానీ రెండో ఇంజక్షన్ మాత్రం ఆలస్యం చేయొద్దు. మధ్యలో సందు దొరికితే మళ్లీ లేస్తుంది."

ఈ సంగతి అమ్మ నాన్నకు చెప్పింది. నానమ్మకు మాత్రం బలం సూది అని చెప్పింది. అబద్ధం ఆడటం అమ్మకు చేతకాదు, అందుకే చెబుతున్నంతసేపూ బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుందట. దాచడానికి కారణం ఉంది. మా ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే దాచరు, చాటుతారు. చాప మీద కూర్చోబెట్టి, మేనమామకు కబురు పెట్టి, బేసి రోజు చూసుకుని తలంటి, చీర కట్టించి, చుట్టాలకు భోజనం పెడతారు. నానమ్మకు మనవరాళ్లలో నేనొక్కదాన్నే. ఆ వేడుక కోసం ఆమె నా బారసాల నాటి నుంచే ఎదురుచూస్తోంది. అలాంటి మనిషి దగ్గరకు వెళ్లి, దాన్ని ఆపడానికి సూది వేయిస్తున్నాను అని చెప్పే ధైర్యం అమ్మకు లేకపోయింది.

మొదటి ఇంజక్షన్ నాటికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు, బళ్లు మూశారు, కరెంటు పోయి వచ్చేది. నాన్న స్కూటర్ మీద ముగ్గురం పోయాం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఎవరో మా ముగ్గురికీ ఆకుల్లో పులిహోర పెట్టారు. "జై తెలంగాణ అను బిడ్డా" అంటే గట్టిగా అన్నాను. నాకు ఉద్యమం అంటే పులిహోర, బడి లేకపోవడం. అంతకన్నా మంచిది ఏముంటుందో అప్పుడు నాకు తెలియదు.

ఆసుపత్రిలో ఇంజక్షన్ల గది అందరికీ ఒక్కటే. నా ముందు తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. నర్సు ఫ్రిజ్‌లోంచి ఒకేలాంటి రెండు డబ్బాలు తీసింది, ఒకటి ఆయనకు, ఒకటి నాకు. పెద్దాయన నన్ను చూసి, "దర్ద్ నై హోతా బేటీ" అన్నాడు, నొప్పి ఉండదని. అది పచ్చి అబద్ధం. ఆ సూది లావు, మందు చిక్కన. నేను ఏడ్చిన ఏడుపుకు ఆయనే లేచి బయటికి పోయాడు.

నాన్న నర్సును పక్కకు పిలిచి, ఆయనకేం జబ్బని అడిగాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ అంది. క్యాన్సర్ మందు తన కూతురికి ఎందుకని తిన్నగా డాక్టరమ్మ గదిలోకి నడిచాడు. ఆమె విసుక్కోకుండా చెప్పింది. "పెద్దాయనకు మగ హార్మోను ఆపితే గడ్డ పెరగదు. మీ పాపకు ఆడ హార్మోను ఆపాలి. కింద వేరువేరు అండి, పైన మెదడులో మీట ఒక్కటే." నాన్న తలూపాడు కానీ ఆయనకు సగమే ఎక్కింది.

రెండు వారాలు కాకముందే బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు కాలనీ ఆడవాళ్లంతా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, రోడ్డు మధ్యన ఆడాలని నిర్ణయించారు. అమ్మ తంగేడు, గునుగు పేర్చుకుని పోయింది. నాకు కడుపులో నొప్పిగా ఉంటే నానమ్మ దగ్గర వదిలేసింది. ఆ సాయంత్రమే బట్టల మీద రక్తపు మరక చూసి, ఎక్కడో దెబ్బ తగిలిందనుకుని నానమ్మకు చెప్పాను. ఆమె ముందు నా మొహం చూడలేదు, గడియారం చూసింది. ఘడియను బట్టి నక్షత్రం, నక్షత్రాన్ని బట్టి జాతకం, అందుకని. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తారని నాకు తెలియక నేను చచ్చిపోతున్నాననుకున్నాను.

ఆ తర్వాత నానమ్మ వేగం చూడాలి. మోకాళ్ల నొప్పులని పొద్దంతా మూలిగే మనిషి క్షణాల్లో మూలకు చాప వేసింది, నా కంచం గ్లాసు వేరు చేసింది, పై వాటా ఓనరమ్మను కేకేసింది, ఫోన్‌లో జాతకం చూసే అయ్యగారికి వేళ చెప్పింది, ఊళ్లో మా మేనమామకు కబురు పెట్టింది. మామకు తెలిసిందంటే ఊరికి తెలిసినట్టే. రాష్ట్రమంతా స్తంభించిపోయిన ఆ రోజుల్లో నా వార్త ఒక్కటే ఎక్కడా ఆగకుండా పోయింది.

అమ్మ ఖాళీ పళ్లెంతో, పసుపు చెంపలతో ఇంటికొచ్చేసరికి నానమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఆగు. నువ్వు సూడొద్దు. తానం అయ్యేదాంక తల్లి కండ్ల వడొద్దు."

అమ్మకు అర్థమైంది. పళ్లెం అరుగు మీద పెట్టి, "అత్తమ్మా, అది నువ్వనుకునేది కాదు" అంది.

"అది కాకపోతే ఇంకేంది? నాకు తెల్వదా?"

"మొన్న ఇప్పిచ్చిన సూదికి అట్లయింది. డాక్టరమ్మ ముందే చెప్పింది. రెండు రోజుల్ల ఆగిపోతది."

"బలం సూదంటివి గదా?"

అమ్మ కొంగుతో చెంపల మీది పసుపు తుడుచుకుంది.

"ఏం సూది అది?"

"ఇప్పుడే పెద్దమనిషి కాకుండ ఆపే సూది."

నేను మూల నుంచి ఇద్దరినీ చూస్తున్నాను. నానమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గొంతు తగ్గించి, "ఆపినంక మళ్ల మొదలైతదని రాసిచ్చిందా నీ డాక్టరమ్మ? రేపు దాని కడుపు పండకపోతే ఎవరు జవాబు చెప్తరు, నువ్వా, నేనా?" అంది. ఆమె భయం కూడా నా కోసమే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే చాప మీద కూర్చున్నది నేను.

నాన్న వచ్చాడు, ఇద్దరి మధ్యా నిలబడ్డాడు, నిలబడే ఉన్నాడు. నానమ్మ తీర్పు చెప్పేసింది. తొమ్మిదో రోజు తలంటి, చీర కట్టించడం. ఇక మీదట సూదులు బంద్. "ఇంకొక్క సూది ఇప్పిచ్చినా నేను ఊరికి పోత" అంది.

"బస్సులు లెవ్వమ్మా" అన్నాడు నాన్న.



రక్తం రెండు రోజుల్లోనే ఆగిపోయింది. నానమ్మ ఆ సంగతిని లెక్కలోకి తీసుకోలేదు. నాకు నువ్వుల ముద్దలు, బెల్లం, ఎండుకొబ్బరి కుడుకలు, రోజుకు రెండు గుడ్లు. చేతికో నిమ్మకాయ, పక్కన ఇనుప ముక్క. ఇకమీద ఎట్లా మసలుకోవాలో చెప్పేది. గట్టిగా నవ్వొద్దు, డాబా ఎక్కొద్దు, మగపిల్లలతో ఆడొద్దు. ఎప్పటిదాకా అని అడిగాను. పెండ్లయ్యేదాకా అంది. పెండ్లయ్యాక ఆడుకోవచ్చు కాబోలు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే కాలనీ పిల్లలు ఎల్‌బీ నగర్ పెద్దరోడ్డు మీద క్రికెట్ ఆడారు. విజయవాడ పోయే రోడ్డు అది, మామూలు రోజుల్లో దాటాలంటే దేవుడికి దండం పెట్టుకోవాలి. బస్సుల్లేక, లారీల్లేక ఖాళీగా పడి ఉంటే వికెట్లు తారులో దిగక ఇటుకలు పేర్చారట. ప్రతి సాయంత్రం వాళ్లు వచ్చి మా కిటికీ కింద ఆ గొప్పలన్నీ చెప్పుకునేవాళ్లు. అలాంటి రోడ్డు నా జన్మలో మళ్లీ దొరకదని నాకు అప్పుడే తెలుసు. దొరకలేదు కూడా. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

మొదటి తానం అయ్యాక అమ్మను నా దగ్గరికి రానిచ్చారు. అమ్మ తల దువ్వుతూ నన్నేమీ అడిగేది కాదు. వంటగదిలో మాత్రం నాన్నతో గొడవ పెట్టుకునేది. రెండో ఇంజక్షన్ రోజు దగ్గరికొస్తోంది. జర ఆగుదాం, మా అమ్మ సల్లబడనీ అని నాన్న.

"మీ అమ్మ సల్లబడేదాంక దాని మెదడు ఆగదు" అంది అమ్మ.

తొమ్మిదో రోజు మామ ఊరి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. వెనక సీటుకు బియ్యం సంచి కట్టి ఉంది, అందులో కుడుకలు, బెల్లం, ఆయన తన మగ్గం మీద నేసిన చీర. ఎర్ర అంచు, నల్ల మీద, నూలుకు ముడులు కట్టి అద్దిన తెల్ల చిటికీ చుక్కలు. మేనకోడలు ఎంత ఉంటుందో ఆలోచించకుండా నిండు చీర నేసేశాడు. అమ్మ ఆయన్ను పక్కకు పిలిచి, అన్నా, నువ్వన్నా చెప్పు అని జరిగిందంతా చెప్పింది. మామ తల గోక్కున్నాడు.

"మా బర్రె ఎదకు రాకుంటే పశువుల డాక్టరు గిసొంటి హార్మోన్ సూదే ఇచ్చిండు చెల్లె. బర్రెకు మొదలుపెట్టనీకి, పోరికి ఆపనీకి. ఏం సదువులో ఏమో!"

ఆ మాటతో ఆయన సాయం అయిపోయింది. పోయి బజ్జీలు తినడానికి కూర్చున్నాడు.

ఆడవాళ్లు వచ్చారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి ఆ చీర నాకు చుట్టారు. చుట్టినకొద్దీ చీర మిగిలింది. కుచ్చిళ్లు నా కాళ్ల ముందు ఒక దిండంత అయ్యాయి. పొడుగని పేరుపడ్డ దాన్ని, ఆ చీరలో పడేసరికి ఎక్కడున్నానో వెతుక్కోవాల్సి వచ్చింది. మంగళహారతి పాడుతూ ఒక్కొక్కరు వచ్చి బొట్టు పెట్టి, నోట్లో బెల్లం, కుడుక ముక్క పెట్టి పోతున్నారు. ఓనరమ్మ పెట్టిన ముక్క గట్టిది. కొరికాను. నోట్లో ఏదో కటుక్కుమంది.

వేలు పెట్టి చూస్తే పన్ను. ముందు పన్ను, వారం నుంచి ఊగుతున్నదే. నాకు పట్టరాని సంతోషం వేసింది. "ఊడింది! ఊడింది!" అని కేకలు పెట్టి, పాటను మధ్యలో ఆపేసి, పన్నును అందరికీ చూపించాను. పాలపన్ను ఊడితే ఇంటి మీద పడేయాలి, లేకపోతే కొత్తది రాదు. ఆ సంగతి నేర్పింది నానమ్మే. అందుకని చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని డాబా మెట్లెక్కి పరుగెత్తాను. డాబా ఎక్కొద్దన్న సంగతి గుర్తే లేదు. వెనక ఆడవాళ్ల నవ్వులు, వాటి వెనక నానమ్మ తిట్లు.

డాబా మీదికి చేరాక చిక్కు వచ్చిపడింది. నానమ్మ మోకాళ్లు పట్టుకుని, ఒగర్చుకుంటూ వచ్చింది.

"నానమ్మా, ఇంటి మీద నేనే నిలవడ్డ. ఇగ పన్ను యాడెయ్యాలె?"

ఆమె "నోరు తెరువు" అంది. తెరిచాను. గడ్డం పట్టుకుని నా మొహాన్ని ఎండవైపు తిప్పింది. పక్క పన్ను మీద వేలు పెట్టి కదిపింది, అదీ ఊగుతోంది. దాని పక్కది కూడా కదిపి చూసింది. చాలాసేపు చూసింది. నాకు చొల్లు కారుతున్నా వదల్లేదు. తొమ్మిది రోజులుగా ఆమె నన్ను కళ్లారా చూడటం అదే మొదటిసారి.

"పాలపండ్లు గూడ ఊడలే" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

పిట్టగోడ మీద కూలబడి కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా బొడ్డు దగ్గర దోపిన కుచ్చిళ్లు లాగేసి, చీర మొత్తం విప్పి, దాన్ని మడతపెట్టకుండానే చంకలో పెట్టుకుంది. లోపల నా రోజువారీ గౌను ఉంది. నా పన్ను తీసుకుని మెట్ల గది పైకప్పు మీదికి విసిరింది. "పో, ఎన్క మెట్ల నుంచి పోయి ఆడుకో" అంది. రెండోసారి చెప్పించుకోలేదు.

కింద చుట్టాలకు, పిల్లకు జెరమొచ్చింది, పండుకుంది అని చెప్పి భోజనాలు పెట్టించింది. వాళ్లు తిని, ఆశీర్వదించి, ఎవరి దారిన వాళ్లు పోయారు. గిన్నెలు కడిగేటప్పుడు నానమ్మ అమ్మను అడిగింది, "ఆ సూది ఎన్నడు?" అని.

సూదుల కథ ఎట్లా ముగిసిందో ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టేంత సంగతేమీ లేదు. పదకొండేళ్లు వచ్చేదాకా నెలనెలా వేయించుకున్నాను. నేను ఆగితే తక్కిన పిల్లలు పెరిగారు, నేను బెంచీ తర్వాత బెంచీ ముందుకు జరిగాను. మందు ఆపాక ఏడాదిలోపే అంతా దానికదే మొదలవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఏడాదంతా నానమ్మ రోజూ పొద్దున నా మొహం చూసేది, ఏమీ అడిగేది కాదు. పన్నెండో ఏట మొదలైంది. ఈసారి వేడుక లేదు. ఎట్లా చేస్తారు, చుట్టాలు ఒకసారి తినేశారు కదా. ఒక పిల్లను రెండుసార్లు పెద్దమనిషిని చేసే ఆచారం మా ఇళ్లలో లేదు. అప్పటికి మా రాష్ట్రం మాకు వచ్చింది. నాకు మొదలైన రోజు నేను హిందీ పరీక్ష రాసి వచ్చాను.

డిగ్రీలో జీవశాస్త్రం తీసుకున్నాక ఆ హార్మోను పేరు చదివాను. గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్. మా పుస్తకంలో దానికి ఒకటిన్నర పేజీ. దాన్ని పట్టుకోవడానికి రెండు జట్ల శాస్త్రవేత్తలు పోటీపడి, ఒకరు పందుల మెదళ్లు, ఒకరు గొర్రెల మెదళ్లు బండ్లకొద్దీ తెప్పించుకుని పిండారట. బొట్లుబొట్లుగా వస్తే మొదలుపెడుతుంది, ధారగా వస్తే ఆపుతుంది. పుట్టుకతో అది లేనివాళ్లకు చిన్న పంపుతో గంటన్నరకో బొట్టు ఇచ్చి పిల్లలు కలిగేలా చేయొచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో వీధికొకటి వెలసిన సంతాన కేంద్రాల్లో, అండం తొందరపడి ముందే జారిపోకుండా పట్టి ఉంచడానికీ దాని చుట్టాలనే వాడతారు. మామ చెప్పిన బర్రె సూది కూడా ఈ కోవదే. ఆ సంగతి ఆయనకు ఫోన్ చేసి చెబితే, నేను అప్పుడే చెప్పలేదా అని నాలుగు రోజులు ఊళ్లో తిరిగాడు.

ఇదంతా తర్వాతి చదువు. ఆ అక్టోబరులో మాకు తెలిసింది ఒక్కటే, రెండో సూది ఆలస్యం కాకూడదు.

ఆ రోజు అమ్మకు జ్వరం. నేను పోత అని నానమ్మ బయల్దేరింది. నాన్న స్కూటర్ నడుపుతుంటే ముందు నేను, వెనక నానమ్మ. చైతన్యపురి దాకా బాగానే పోయాం. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా తాళ్లు కట్టి కాలేజీ పిల్లలు కూర్చున్నారు, పక్కన టైరు కాలుతోంది. పోలీసులు దూరంగా నిలబడి చూస్తున్నారు. నాన్న స్కూటర్ ఆపి, వెనక్కి పోదామా, రేపొద్దాం అన్నాడు. నాన్న అలాంటి సందు కోసమే ఎదురుచూసే మనిషి.

నానమ్మ స్కూటర్ దిగింది. నన్ను కూడా దింపి చెయ్యి పట్టుకుంది. పొగలోంచి తిన్నగా తాడు దాకా నడిచింది. ఒకబ్బాయి, గులాబీ కండువా వేసుకున్నవాడు, లేచి అడ్డం వచ్చాడు. మర్యాదగానే అడిగాడు.

"యాడికి అవ్వా?"

"దవాఖానకు బిడ్డా."

"ఎవరికి బాగలేదు?"

నానమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ అబ్బాయి నన్ను చూశాడు. ఆమె భుజం దాటిన పొడుగు, నుదుట మొటిమలు. ఈ పిల్లకేం రోగం అన్నట్టు చూశాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. నాకు సిగ్గేసి, ఇప్పుడు నానమ్మ ఏం చెబుతుందో అని ఆమె కొంగు చాటుకు జరిగాను. ఆమె సంగతి నాకు తెలుసు, దాచే మనిషి కాదు.

"పొడుగు సూడకు కొడకా. శిన్నపిల్ల" అంది నానమ్మ. "ఇంకా శిన్నపిల్లనే. జర తొవ్వ ఇయ్యుండ్రి."

వాళ్లు తాడు ఎత్తారు. మేము వంగి అవతలికి పోయాం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, సూది నొప్పి సంగతి కూడా మరిచిపోయి నడిచాను. నేను పెద్దమనిషినయ్యానని ఆమె ఊరందరికీ చెప్పింది. చిన్నపిల్లనని మాత్రం మొదట చెప్పింది ఆ ముక్కూమొహం తెలియని పోరగాళ్లకే.